కాలిన రెడ్‌వుడ్ అడవిలో జాడలు వెతకడం: నా అనుభవం

కాలిన అడవిలో జంతువు ఎదురుపడటం అరుదు. కానీ అది వచ్చి వెళ్లిన గుర్తులు మాత్రం పచ్చటి అడవిలో కంటే అక్కడే బాగా దొరుకుతాయి. ఆకుల మెత్త ఉండదు, పొదలు అడ్డం రావు. దుమ్ములో పడిన అడుగు పడినట్టే ఉంటుంది. కాలిఫోర్నియాలోని బిగ్ బేసిన్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కులో నడుస్తూ నేను తెలుసుకున్న సంగతి ఇది. రెడ్‌వుడ్ అంటే చాలా ఎత్తు పెరిగే ఎర్రకలప చెట్టు. సగం నేర్పింది మా నాన్న.

బిగ్ బేసిన్ కాలిఫోర్నియాలో అన్నిటికంటే పాత స్టేట్ పార్కు, 1902 నాటిది. మాకు శాన్ హోసే నుంచి గంటకు పైగా డ్రైవ్. 2020 ఆగస్టు 16 తెల్లవారుజామున వాన లేకుండా ఒట్టి పిడుగులు పడ్డాయి. శాంటా క్రూజ్ కొండల్లో అక్కడక్కడా లేచిన మంటలు రెండు రోజుల్లో గాలి తోడై ఒక్కటయ్యాయి. మొత్తం 86,509 ఎకరాలు కాలిపోయింది. పార్కులో 97 శాతం మంటల్లో పడింది. 1930ల్లో కట్టిన పాత హెడ్‌క్వార్టర్స్ భవనం కూడా మిగల్లేదు. మళ్లీ జనాన్ని రానిచ్చింది 2022 జులై 22న. అది కూడా కొన్ని దారుల్లోకే, పగటిపూట మాత్రమే, పార్కింగ్ ముందే బుక్ చేసుకుని. వారాంతం స్లాట్లు తొందరగా అయిపోయేవి. మేం మామూలు రోజున సెలవు పెట్టుకుని వెళ్లాం.

నాన్నది గిద్దలూరు. నల్లమల అంచున పెరిగిన మనిషి. ఎండాకాలం కొండ మీద మంటలు ఆయనకు కొత్త కాదు. అయితే అక్కడ ఎక్కువగా కాలేది రాలిన ఆకు, ఎండిన బోద. చెట్లు చాలావరకు నిలబడతాయి, వానలు పడగానే మళ్లీ చిగురిస్తాయి. ఇక్కడ మంట చెట్ల తలల దాకా ఎక్కింది. కారు దిగగానే ఆయన తల పైకెత్తి, "ఇంత ఎత్తున మసేందమ్మా?" అన్నారు.

రెడ్‌వుడ్ బెరడు ఒక్కోచోట అడుగు మందం ఉంటుంది, అందులో జిగురు తక్కువ. అందుకే ఆకంతా మాడిపోయినా చాలా చెట్లు బతికాయి. కొమ్మలు పోయిన మాను పొడుగునా పచ్చటి చిగుళ్లు వచ్చి, దూరానికి సీసాలు కడిగే బ్రష్షుల్లా కనిపిస్తాయి. ఆ చిగుళ్లు వేయడానికి చెట్టు దశాబ్దాల కిందట దాచుకున్న చక్కెరలను వాడిందని 2023లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. వాటి పక్కనే ఉండే డగ్లస్ ఫర్ చెట్లకు ఆ శక్తి లేదు. అవి ఎక్కువగా చచ్చిపోయి మోళ్లుగా నిలబడి ఉన్నాయి. ఆ మోళ్ల సంగతి తర్వాత చెబుతాను.

రెడ్‌వుడ్ లూప్ చిన్న దారి, మనుషులు ఎక్కువ. జాడలు కావాలంటే ఫైర్ రోడ్, అంటే మంటలార్పే బళ్ల కోసం వేసిన దారి, ఎక్కాలి. మిడిల్ రిడ్జ్ వైపు వెళ్లే మట్టిదారిలో దుమ్ము పిండిలా ఉంది. పొద్దున్నే వెళ్లడం మంచిది. ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి ముద్రల అంచుల్లో నీడ నిలిచి స్పష్టంగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం అదే ముద్ర మీద కాలు వేసి నడిచినా తెలియదు.

మొదట దొరికింది జింక. చీలిన గిట్ట, ముందు భాగం మొనదేలి ఉంది. పక్కనే నల్లటి పెంటికలు. "మేక పెంటికల్లాగే ఉన్నాయి కదా" అని నాన్న పుల్లతో కదిపి చూశారు. పుల్లతోనే, చేత్తో వద్దు. అడవి జంతువుల మలంలో మనుషులకు అంటుకునే పురుగుల గుడ్లు ఉండొచ్చు. నేను కొలత తెలియడానికి పక్కన కారు తాళం పెట్టి ఫొటో తీశాను. తర్వాత ఇంట్లో పోల్చి చూసుకోవడానికి ఇదే పనికొచ్చింది.

కాస్త పైకి వెళ్లాక గుండ్రటి అడుగు కనిపించింది. "గోళ్లు లేవు. పిల్లిజాతి" అన్నారు నాన్న. కుక్క, కొయోటీ (తోడేలు లాంటి చిన్న జంతువు), నక్క అడుగుల్లో మామూలుగా గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లి జాతివి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి కాబట్టి పడవు. ఇక మిగిలింది సైజు. రెండంగుళాల వెడల్పుంటే బాబ్‌క్యాట్ అనే చిన్న అడవిపిల్లి. మూడు దాటితే మౌంటెన్ లయన్ అనుకోవాలి, పేరుకు లయనే గానీ సింహం కాదు, ప్యూమా. మాది చిన్నదే. నాన్న కొంచెం నిరాశపడ్డారు, నేను ఊపిరి పీల్చుకున్నాను.

లయన్ గుర్తు ఇంకో రోజు దొరికింది, అడుగు కాదు. దారి పక్కన రాలిన ఆకును వెనక కాళ్లతో గీరి చిన్న కుప్ప చేసి ఉంది. మగ లయన్లు ఇది నా చోటు అని చెప్పడానికి అలా చేస్తాయట. ఈ కొండల్లో లయన్లు మంటలకు ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. శాంటా క్రూజ్ యూనివర్సిటీ వాళ్లు చాలా ఏళ్లుగా వాటికి కాలర్లు కట్టి గమనిస్తున్నారు. ఎదురుపడితే పరుగెత్తకూడదు, చేతులు పైకెత్తి పెద్దగా కనబడాలి, పిల్లల్ని పక్కనే ఉంచుకోవాలి. ఎలుగుబంటి భయం మాత్రం ఇక్కడ పెట్టుకోనక్కర్లేదు. ఒకప్పుడు గ్రిజ్లీలు ఉండేవి. 1875లో విలియం వాడెల్ అనే కలప మిల్లు యజమానిని ఒక గ్రిజ్లీ చంపింది. పార్కులోంచి సముద్రం వైపు పారే వాడెల్ క్రీక్‌కు ఆయన పేరే. తర్వాత కొన్నేళ్లకే ఈ కొండల్లో గ్రిజ్లీలే లేకుండా పోయాయి.

అడుగులు లేని చోట చిగుళ్లు చూడాలని చెప్పింది కూడా నాన్నే. మాడిపోయిన టాన్‌ఓక్ అనే చెట్ల మొదళ్ల నుంచి గుబురుగా లేత కొమ్మలు లేచాయి. కొన్నిటి చివర్లు చిరిగినట్టు పీచులు తేలి ఉన్నాయి. కొన్ని కత్తెరతో ఏటవాలుగా కోసినట్టు ఉన్నాయి. చిరిగినవి జింక పని. మేకకు ఉన్నట్టే జింకకూ పైదవడ ముందుపళ్లు ఉండవు, అందుకని పట్టి లాగి తెంపుతుంది. నున్నగా తెగినవి కుందేలువి. మనూళ్లో మేకల్ని చూసిన ఎవరికైనా ఇది తట్టే విషయమే, నాకు మాత్రం చెప్పేదాకా తట్టలేదు. సియనోథస్ అనే నీలిపూల పొద గింజలు మంట వేడి తగిలితేనే బాగా మొలుస్తాయి. కొండవాలంతా ఆ మొలకలే. వాటి మీద జింకలు పడి తింటున్నాయంటే, ఆ జింకల వెనక లయన్ రావడంలో వింతేముంది?

నేలలోపల ఉన్నవి మంటను తప్పించుకున్నాయి. మసి పట్టిన నేల మీద గోఫర్లు (బొరియలు తవ్వే ఎలుకజాతి) తవ్విపోసిన తాజా మట్టికుప్పలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. వుడ్‌రాట్ అనే ఎలుక పుల్లలు పోగేసి నడుం ఎత్తున ఇల్లు కట్టుకుంటుంది. పాత ఇళ్లు నిలువునా కాలిపోతాయి కదా. ఒక చోట మోకాలెత్తున కూడా లేని కొత్త పుల్లల కుప్ప కనిపించింది, అందులో సగం బొగ్గయిన పుల్లలే.

ఇప్పుడు మోళ్లు. చచ్చిన డగ్లస్ ఫర్ మానుకు పురుగు పడుతుంది. మాను మొదలు దగ్గర సన్నటి రంపపు పొట్టు రాలి ఉంటే లోపల పురుగు తొలుస్తోందని అర్థం. పురుగు ఉన్నచోటికి వడ్రంగిపిట్ట వస్తుంది. నల్లటి బెరడు మీద పెచ్చులు ఊడి లోపలి లేతరంగు మచ్చలుగా కనిపిస్తే అది తిన్న చోటు. పొడవాటి దీర్ఘచతురస్రం తొర్రలైతే పైలియేటెడ్ అనే పెద్ద వడ్రంగిపిట్టవి. బెరడు నిండా వరసగా చిన్న గుంటలు, గుంటకో ఓక్ కాయ కూరి ఉంటే ఏకార్న్ వుడ్‌పెకర్ గాదె. దాని గోల దూరం నుంచే వినిపిస్తుంది. కూత పోల్చుకోలేకపోతే ఫోన్‌లో మెర్లిన్ యాప్ పెట్టుకోండి. సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ఈ మోళ్ల కింద మాత్రం నిలబడొద్దు. గాలి లేచిన రోజు అసలు వెళ్లకపోవడమే నయం. వేళ్లు లోపల కాలిపోయిన చోట నేల పైకి గట్టిగా కనిపించినా కాలు పెడితే దిగిపోతుంది, దారి దిగకూడదనేది అందుకే. పాయిజన్ ఓక్ కూడా మంట తర్వాత జోరుగా చిగురిస్తుంది. మూడేసి ఆకులు. తగిలితే వారాల తరబడి దురద. జాడ వెతికే హడావిడిలో పొదలో చెయ్యి పెట్టేది మనమే.

తిండి విషయంలో పార్కు వాళ్లు చాలా గట్టి. ఒక్క మెతుకు కూడా కింద పడకూడదంటారు. పులిహోర డబ్బా తెరిచిన నాన్నకు ఇది చాదస్తంగా అనిపించింది. కారణం మార్బుల్డ్ మర్‌లెట్ అనే సముద్రపక్షి. చేపలు సముద్రంలో పట్టి, గుడ్డు మాత్రం మైళ్ల దూరంలో పాత రెడ్‌వుడ్ల, ఫర్‌ల లావు కొమ్మల మీద పెడుతుంది. ఉత్తర అమెరికాలో దాని గూడు ఎక్కడుంటుందో 1974 దాకా శాస్త్రవేత్తలకు తెలియదు. మొదటిది దొరికింది ఈ పార్కులోనే, కొమ్మలు కొట్టడానికి చెట్టెక్కిన మనిషికి. మనం పారేసిన తిండికి స్టెల్లర్స్ జే అనే నీలం పిట్టలు పెరుగుతాయి, అవి మర్‌లెట్ గుడ్లు తినేస్తాయి. మంటలో అలాంటి లావు కొమ్మలు చాలా పోయాయి, ఉన్న గూళ్లయినా కాపాడాలి కదా. ఇదంతా చెప్పాక నాన్న డబ్బా మూసేసి, "కార్లో తిందాం పద" అన్నారు.

తర్వాత వెళ్లినప్పుడల్లా పని కష్టమవుతూ వచ్చింది. సియనోథస్ తలెత్తు దాటింది, కొండవాలు కనబడదు. ఇప్పుడు అడుగులు చూడాలంటే తొలి వానలు పడి మట్టి తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు ఫైర్ రోడ్ మీదే చూడాలి. మామూలుగా అది నవంబరు. ఆ నెలలో పార్కింగ్ కూడా సులువుగానే దొరుకుతుంది.