గుమ్మంలో నిలబడి విన్నాక తెలిసింది

హాలు, వంటగది, పడకగది, బాల్కనీ. నాలుగు చోట్లా ఒకే పాట ఒకేసారి రావాలి, అంతే నా కోరిక. మొదట ఇంట్లో ఉన్న రెండు బ్లూటూత్ స్పీకర్లను రెండు గదుల్లో పెట్టి, రెండు ఫోన్లలో ఒకే పాట ఒకేసారి నొక్కాను. హాల్లో కూర్చుంటే బాగానే ఉంది. వంటగదిలోకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగితే మాత్రం పల్లవి రెండుసార్లు వినిపించింది, బావిలోకి తొంగిచూసి అరిచినట్టు.

గదుల మధ్య దూరం వల్లేమో అనుకున్నాను. లెక్క వేస్తే కాదని తేలింది. ధ్వని మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. మూడు మీటర్లు అదనమైనా ఆలస్యం 9 మిల్లీసెకన్లే, అంత చిన్న తేడాకు చెవి సర్దుకుపోతుంది. అసలు తేడా స్పీకర్లు పాటను ఎప్పుడు మొదలుపెడుతున్నాయన్న దాంట్లో ఉంది.

దాంతో స్నాప్‌కాస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పట్టుకున్నాను. ఒక కంప్యూటర్ పాటను చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా టైము వేసి పంపుతుంది. ప్రతి గదిలో స్పీకర్‌కు కలిపిన ఒక రాస్‌బెర్రీ పై, అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, ఉంటుంది. అది ఆ టైము వచ్చేదాకా ఆగి అప్పుడు వినిపిస్తుంది. మూడు గదులకు లాన్ కేబుల్ లాగాను, బాల్కనీని వైఫైకి వదిలేశాను.

ఈ ఆగడానికి మామూలుగా ఒక సెకను బఫర్ ఉంటుంది, అంటే పాట ముందే వచ్చి అంతసేపు వేచి ఉంటుంది. అది నేను పట్టించుకోలేదు. పాజ్ నొక్కితే పాట ఒక సెకను తర్వాత ఆగుతుంది. అమ్మ ఆ సెకను లోపే ఇంకోసారి నొక్కేది, పాట మళ్ళీ మొదలయ్యేది. "ఇది నా మాట వినదురా" అని రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. టీవీ సౌండ్ కూడా దీంట్లోనే కలుపుదామని చూస్తే, పెదాలు కదిలిన సెకనుకు మాట వచ్చింది. టీవీని మళ్ళీ దాని స్పీకర్లకే వదిలేశాను.

పడకగదిలో ఇంకో తలనొప్పి. రెండు స్పీకర్లూ మోగుతున్నాయి కానీ డోలు దెబ్బ పడుతున్నట్టే లేదు, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. సగం రోజు సెట్టింగ్స్ అన్నీ కెలికాను. చివరికి టార్చ్ వేసి స్పీకర్ వెనక చూస్తే, ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారు చేసి బిగించాను! రెండు తీగల్లో ఏది ఏదో తెలియడానికి ఒకదాని మీద సన్నటి గీత ఉంది. అటక మీద చీకట్లో కొసలు ఒలిచేటప్పుడు అది కనిపించలేదు. ఒక స్పీకర్ పొర ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతోంది, బేస్ మొత్తం ఒకదాన్నొకటి చెరిపేసుకుంటోంది. రెండు తీగలు మార్చానో లేదో, గొంతు వచ్చి సరిగ్గా మధ్యలో నిలబడింది.

అన్నీ కలిసినా వంటగది మాత్రం ఇంకా కాస్త వెనకబడే ఉంది. అక్కడి స్పీకర్ తనలోనే సౌండ్‌ను ఏదో మెరుగుపరిచి వదులుతుంది, ఆ కాస్త టైము దానికి పడుతోంది. స్నాప్‌కాస్ట్‌లో ఒక్కో గదికి మిల్లీసెకన్ల లెక్కన సర్దుబాటు చేసుకోవచ్చు. పాటతో అయితే తేడా పట్టడం కష్టమని మెట్రోనోమ్ టిక్కులు పెట్టి, ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. టక్-టక్, టక్-టక్. పది పెంచాను, దగ్గరయ్యాయి. ఇరవై, ముప్పై. నలభై దగ్గర రెండూ కలిసి ఒక్క 'టక్' అయ్యాయి. ఈ పనంతటిలో నాకు బాగా నచ్చిన క్షణం అదే, అరగంట అక్కడే నిలబడి విన్నాను.

ఇక మిగిలింది బాల్కనీ. రౌటర్ బీరువా వెనక ఉండేది, బయటికి తెచ్చాక చాలావరకు నయం. అయితే ఆ వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌ది, మైక్రోవేవ్ కూడా దాదాపు అక్కడే పనిచేస్తుంది. అది తిరిగినంతసేపూ బాల్కనీలో పాట తడబడుతుంది. కేబుల్ లాగాలంటే గోడకు రంధ్రం కొట్టాలి. దానికి అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.