సరయూ తీరంలో లేపిన మాట

ఉగాది నుంచి శ్రీరామనవమి వరకు సాగే వసంత నవరాత్రులలో రోజూ కొంత బాలకాండ చదువుకోవడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఎన్ని ఏళ్లుగా చదువుతున్నా, 23వ సర్గలోని రెండవ శ్లోకం దగ్గరకు వచ్చేసరికి నాకు అక్కడినుంచి ముందుకు కదలబుద్ధి కాదు.

కౌసల్యా సుప్రజా రామ పూర్వా సంధ్యా ప్రవర్తతే
ఉత్తిష్ఠ నరశార్దూల కర్తవ్యం దైవమాహ్నికమ్

శ్రీ వేంకటేశ్వర సుప్రభాతంలోని 29 శ్లోకాలకు ఇదే మొదటిది కాబట్టి, ఏడుకొండలవాడిని లేపే శ్లోకంగానే ఇది మన చెవులకు అలవాటైంది. కానీ వాల్మీకి రామాయణంలో ఈ మాటతో విశ్వామిత్రుడు లేపినది పదహారేళ్లయినా నిండని పిల్లవాణ్ణి, రాముణ్ణి. ఆలయంలోకి వెళ్లడానికి ముందు ఈ శ్లోకం ఒక పిల్లవాడి పడక పక్కన పుట్టింది. ఈ సంగతి మనం మరిచిపోయాము. మరిచిపోయి, అదే శ్లోకాన్ని ఫోనులో అలారంగా పెట్టుకుని, అది మోగుతూ ఉండగానే దాని మీదుగా పిల్లల మీద కేకలు వేస్తున్నాము.

మార్చి నెల మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఎండ ముదరకముందే పిల్లలు ఇల్లు చేరాలని పెట్టిన ఏర్పాటే అయినా, ఎనిమిది గంటలకల్లా వాళ్లు బడిలో ఉండాలంటే ఇంట్లో తెల్లవారుజామునుంచే ఉరుకులు పరుగులు తప్పవు. రాముడు పుట్టిన చైత్రమాసంలో, కోయిల కూసే వేళలో, మన ఇళ్లలో పిల్లలకు వినబడే మొదటి మాట ఏమిటో ఒక్కసారి తలచుకోండి. “ఇంకా లేవలేదా”, “బస్సు వెళ్లిపోతుంది”, “మొద్దు నిద్ర”. పక్క గదిలో మాత్రం సుప్రభాతం ఎంతో శ్రావ్యంగా సాగుతూనే ఉంటుంది.

ఆ ఉదయానికి ముందు ఏమి జరిగిందో చూడాలి. యాగ రక్షణకు రాముణ్ణి పంపమని విశ్వామిత్రుడు అడిగినప్పుడు దశరథుడు “ఊనషోడశవర్షో మే రామో రాజీవలోచనః”, నా రాముడికి పదహారేళ్లయినా నిండలేదు, అని తల్లడిల్లిపోయాడు. చివరకు వసిష్ఠుడు నచ్చజెప్పగా ఒప్పుకుని, కొడుకు తల మూర్కొని ముని చేతికి అప్పగించాడు. పసిపిల్లల తల వాసన ఎరిగిన తల్లిదండ్రులకు ఆ ఒక్క పని వెనుక ఎంత దుఃఖం ఉందో వేరే చెప్పనక్కరలేదు. తల్లి కూడా మంగళాశాసనం చేసిందని వాల్మీకి చెప్పాడు కానీ, ఆమె నోట ఒక్క మాటైనా పలికించలేదు. అలా ఇల్లు విడిచిన రామలక్ష్మణులు ఒకటిన్నర యోజనాల దూరం నడిచి సరయూ దక్షిణ తీరానికి చేరేసరికి, ముని మొదట పలికిన మాటను కవి “రామేతి మధురాం వాణీం” అని వర్ణించాడు. “రామా” అనే ఆ ఒక్క పిలుపే మధురమైన వాక్కు. ఆ వెంటనే “గృహాణ వత్స సలిలం” అన్నాడు. నాయనా, నీళ్లు తీసుకో అని. అలసట రాకుండా, జ్వరం సోకకుండా, ఆకలిదప్పులు బాధించకుండా కాపాడే బల, అతిబల విద్యలను అప్పుడే ఉపదేశించాడు. ఇల్లు వదిలి వచ్చిన పిల్లవాడికి ఒంట్లో ఎలా ఉంటుందో, ఆకలి వేస్తుందేమోనన్న ఆలోచన ఆయనకు అస్త్రాలకంటే ముందు వచ్చింది.

ఆ రాత్రి రాజకుమారులు గడ్డి మీద పడుకున్నారు. అది వారికి తగని పడక అని వాల్మీకే అన్నాడు. అయినా ఆ రాత్రి సుఖంగానే గడిచిందట. కారణం కూడా ఆయనే చెప్పాడు: “కుశికసుతవచోఽనులాలితాభ్యామ్”. విశ్వామిత్రుని మాటలు వారిని లాలించాయి. పరుపు చేయవలసిన పనిని అక్కడ మాట చేసింది. మరునాటి రాత్రి కామాశ్రమంలోనూ అదే వరుస. అభిరామమైన కథలతో అభిరాములైన ఆ పిల్లలను ముని రమింపజేశాడని ఆ సర్గ ముగుస్తుంది. ఈ రెండు రాత్రుల నడుమ వచ్చిన తెల్లవారుజామునే ముని నోట “కౌసల్యా సుప్రజా రామ” అన్న మాట వెలువడింది. రాత్రి లాలించిన నోరు కాబట్టే ఉదయం అంత మృదువుగా లేపగలిగిందని నా నమ్మకం.

ఇక ఆ శ్లోకంలోని మాటల వరుసను చూడండి. నేను ఎంత చదివినా తనివి తీరనిది ఈ వరుస దగ్గరే.

అన్నిటికంటే ముందు తల్లి పేరు. ఆ పడక మీద నిదురిస్తున్న రాముని ముఖం చూసి, ఇటువంటి బిడ్డను కన్న కౌసల్య ఎంత పుణ్యవతి అని ముని తనలో తాను మురిసిపోయాడని కొందరు పెద్దలు అన్వయిస్తారు. కౌసల్యకు సత్సంతానమైన రామా అని పిలిచాడని మరికొందరు చెబుతారు. రెండింటిలో ఏది తీసుకున్నా, తల్లి ఒడికి దూరమై కన్ను తెరవబోతున్న పిల్లవాడి చెవిలో మొదట పడినది అమ్మ పేరే. ఇంటి దగ్గర ఒక్క మాటైనా పలకని కౌసల్య, ఆ తెల్లవారుజామున ముని నోటి ద్వారా కొడుకు పడక దగ్గరకు వచ్చింది. రెండవది, ఆ పిల్లవాడి పేరు. మూడవది, తూర్పున జరుగుతున్న సంగతి. “పూర్వా సంధ్యా ప్రవర్తతే” అన్నాడు కానీ, తెల్లవారిపోయింది అనలేదు, పొద్దెక్కింది అనలేదు. సంధ్య ఇప్పుడిప్పుడే వస్తోంది, నువ్వు కూడా దానితోపాటు రా అన్నట్లుంది ఆ క్రియాపదం. ఇందులో ఆలస్యమైందన్న నింద లేదు. ఈ మూడూ చెప్పిన తరువాతే, రెండవ పంక్తిలో, “ఉత్తిష్ఠ” అనే ఆజ్ఞ. ఆ ఆజ్ఞ పక్కనే “నరశార్దూల” అనే సంబోధన. నిద్రమత్తులో ముడుచుకుని పడుకున్న బాలుణ్ణి పట్టుకుని పురుషులలో పులివంటివాడా అన్నాడు. ఆ పులి గోళ్లు ఇంకా ఎవరూ చూడలేదు. తాటక అంతకు ముందు కాదు, ఆ తరువాతే చచ్చింది.

ఆ తాటక గురించి ముని ఆ ఉదయం ఒక్క మాటైనా ఎత్తలేదు. ఆయన రాముణ్ణి తీసుకువచ్చినదే రాక్షసుల కోసం. తాటక వనం ఇంకో రోజు నడకలో ఉన్నదని ఆయనకు తెలుసు. అయినా లేపుతూ చెప్పినది “కర్తవ్యం దైవమాహ్నికమ్” అని మాత్రమే. ఆహ్నికం అంటే ఆ రోజు చేయవలసిన నిత్యకర్మ. స్నానం, అర్ఘ్యం, జపం. పిల్లలు లేచి సరిగ్గా ఆ మూడే చేశారని తరువాతి శ్లోకం. ముందున్న యుద్ధాన్ని ఆ పసి మనసు మీద ఉదయాన్నే దింపలేదు. మనమేమో ఏడేళ్ల పిల్లకు పళ్లు తోముతూ వార్షిక పరీక్షలు గుర్తుచేస్తాము, పక్కింటి పిల్లవాడి మార్కులు గుర్తుచేస్తాము, ఇలాగైతే పెద్దయ్యాక ఏమైపోతావని అడుగుతాము. ఎప్పుడో రాబోయే తాటకలన్నిటినీ తెచ్చి మంచం చుట్టూ నిలబెడతాము.

ఇదంతా నేను పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. కొన్నేళ్ల క్రితం నవమినాడు మా వీధి చివర చలువ పందిరికి తోరణాలు కట్టడానికి తెల్లవారుజామునే వెళ్లాము. అప్పటికి ఐదేళ్లున్న మా చిన్నది నా భుజం మీద నిద్రపోతోంది. ఎవరో మైకులో సుప్రభాతం పెట్టారు. మొదటి పాదం వినబడగానే పిల్ల ఉలిక్కిపడి, నా భుజం మీదనుంచి కిందికి జారి, రెండు కాళ్ల మీద నిలబడి, కళ్లు పూర్తిగా తెరవకుండానే “అమ్మా, నేను లేచే ఉన్నాను” అంది.

నా చేతిలోని మామిడాకులు చేతిలోనే ఉండిపోయాయి. ఆ ఏడాదంతా నేను ఉదయం ఐదుంముప్పావుకు ఫోనులో ఆ శ్లోకమే మోగేలా పెట్టుకున్నాను. భక్తితోనే పెట్టుకున్నాను. అది మోగిన మరుక్షణం వంటింట్లోనుంచి నా గొంతు లేచేది. నా బిడ్డకు కౌసల్య పేరు తిట్లకు ముందు వచ్చే చప్పుడుగా అర్థమైంది. రామనామం చెవిన పడితే భయపడే స్థితికి నా బిడ్డను నేనే తెచ్చాను. పూజ గదిలో ఎన్ని దీపాలు వెలిగించినా ఈ దోషం పోదని ఆ పందిట్లో నాకు అనిపించింది.

ఆ రోజే ఫోనులోనుంచి దాన్ని తీసివేశాను. మరునాటి ఉదయం పిల్ల పక్కన కూర్చుని, జుట్టు సవరిస్తూ, నా సొంత గొంతుతోనే ఆ శ్లోకం చెప్పాను. నాకు రాగం రాదు. మొదటి కొన్ని రోజులు పిల్ల బిగుసుకుపోయి, తరువాత వచ్చే కేక కోసం ఎదురుచూసింది. దాదాపు నెల రోజులకు గాని ఆ బిగువు సడలలేదు. ఇందుకోసం నేను పావుగంట ముందు లేవవలసి వచ్చింది. వేళకు బడికి చేరడంలో మాత్రం అప్పటికీ ఇప్పటికీ తేడా రాలేదు. అరిచినప్పుడు ఎంత సేపటికి తయారయ్యేవారో, ఇప్పుడూ అంతే సేపటికి తయారవుతున్నారు.

కోపం మన స్వభావమైపోయింది, ఇప్పుడు మారదు అనుకునేవారికి ఈ ముని కథనే చెప్పాలనిపిస్తుంది. మిథిలలో జనకుని పురోహితుడు శతానందుడు రామునికి చెప్పిన విశ్వామిత్ర చరిత్రలో ఒక ఘట్టం ఉంది. శునశ్శేపుడనే పిల్లవాణ్ణి బలినుంచి కాపాడడానికి అతని బదులు యజ్ఞపశువులుగా వెళ్లమన్నప్పుడు మాట వినలేదని, తన కన్నకొడుకులనే కుక్క మాంసం తింటూ వెయ్యేళ్లు భూమి మీద తిరగమని శపించాడు విశ్వామిత్రుడు. సొంత పిల్లల మీద అంత కోపం వెళ్లగక్కిన నోరే, ఎంతో తపస్సు తరువాత, పరుల బిడ్డను అమ్మ పేరు తలచి లేపింది. రాముడు ఆ పాత కథ విన్నప్పుడు, తనను సరయూ ఒడ్డున లేపిన గొంతును గుర్తుచేసుకుని ఉంటాడని నేను అనుకుంటూ ఉంటాను. తండ్రులు కూడా ఇది గమనించాలి. పిల్లలను లేపడం ఆడవారి పని అని దినపత్రిక చేతబట్టి కూర్చునేవారు, ఈ శ్లోకం పలికినవాడు ఒకప్పుడు రాజ్యమేలి, అస్త్రశస్త్రాలన్నీ ఎరిగిన ఋషి అని మరువకూడదు.

తిరుమలలో ప్రతి రాత్రి ఏకాంత సేవలో స్వామికి తాళ్లపాకవారి లాలి పాడతారు, తరిగొండ వెంగమాంబ ముత్యాల హారతి ఇస్తారు, తెల్లవారుజామున మళ్లీ మేలుకొలుపు పాడతారు. జగత్తునంతా మేలుకొలిపేవాడిని పసిబిడ్డలా నిద్రపుచ్చి, పసిబిడ్డలా లేపుకుంటున్నాము. ఆ మేలుకొలుపు చూడడానికి నెలల ముందే టిక్కెట్ల కోసం ఎదురుచూస్తాము. అదే సేవ మన ఇంట్లో రోజూ రెండు పూటలా, ఏ టిక్కెట్టూ లేకుండా, మన చేతికే అప్పగించబడి ఉంది. ఈ నవరాత్రులలో తక్కిన పారాయణ సాగకపోయినా సాగకపోనివ్వండి. పానకం, వడపప్పు నవమినాడు ఎలాగూ చేస్తారు. ఈ తొమ్మిది ఉదయాలు మాత్రం పిల్లల పక్కన కూర్చుని, వారి పేరు పెట్టి పిలిచి, తెల్లవారుతోంది నాన్నా అని చెప్పండి. కిటికీ తెరిచి తూర్పు దిక్కు చూపించండి. ఆ తరువాతే లెమ్మనండి. తొమ్మిది రాత్రులు ఫోను పక్కన పెట్టి, నిద్ర పట్టేవరకు నాలుగు మాటలు చెప్పండి.

మా పిల్లలకు ఈ ఏడు రాత్రిపూట బాలకాండ కథే చెబుతున్నాను. పెద్దవాడికి తాటక ఎప్పుడు వస్తుందా అని తొందర. నిన్న రాత్రి దీపం తగ్గించాక కూడా మళ్లీ అడిగాడు. తాటక ఇవాళ రాదు నాన్నా, ఇవాళ మనం సరయూ ఒడ్డునే పడుకున్నాము అని చెప్పాను. “గడ్డి మీదేనా?” అంది చిన్నది. గడ్డి మీదే అన్నాను. అది అన్న వైపు జరిగి పడుకుంది.