ఖాళీ ఉండాల్సిన చోటల్లా ‘ఏ’ అక్షరం

చచ్చిన ప్యాక్‌మ్యాన్ బోర్డొకటి నా చేతికొచ్చింది. 1980 నాటి నామ్‌కో వీడియో ఆట, మిడ్‌వే తయారీ బోర్డు. రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసిన అనుభవం ఉంది కాబట్టి ఇదెంత అనుకున్నాను. టేబుల్ మీద పెట్టి కరెంటిస్తే తెర నిండా చిత్తుచిత్తుగా అక్షరాలు, ముక్కలు. అవి కూడా నిలవడం లేదు, టకటకా మారిపోతున్నాయి.

ముందు కరెంటు సంగతి. ఈ బోర్డుకి నేరుగా 5 వోల్టుల డీసీ ఇవ్వరు. సుమారు 7 వోల్టుల ఏసీ అంచు కనెక్టర్ గుండా వస్తే, 5 వోల్టులు తయారుచేసుకునే ఏర్పాటు బోర్డు మీదే ఉంటుంది. కరెంటంతా ఆ అంచు మీది రాగి పట్టీల్లోంచి పోవాలి కదా, నలభై ఏళ్లలో అవి కమిలి నల్లబడ్డాయి. ప్రాసెసర్ జెడ్80 దగ్గర, 11వ కాలికీ 29వ కాలికీ మధ్య (కాలంటే చిప్ పక్కన ఉండే లోహపు పిన్ను) కొలిస్తే 4.62 వోల్టులు. ఈ తరం చిప్‌లకి కనీసం 4.75 ఉండాలి. పట్టీలు గీకి, పల్చగా సీసం పూసి, కొత్త కనెక్టర్ వేస్తే 5.02కి వచ్చింది. తెర మాత్రం అలాగే ఉంది.

అప్పుడు లాజిక్ ప్రోబ్ తీశాను. పెన్నులాంటి చిన్న పరికరం. మొన ఏ కాలికి ఆనిస్తే ఆ కాలు ఒకటి (వోల్టేజి ఎక్కువ) దగ్గరుందో, సున్నా (తక్కువ) దగ్గరుందో, రెంటి మధ్యా ఆడుతోందో దీపాలతో చెబుతుంది. ఇలాంటి పనికి ఆసిలోస్కోప్ లేకపోయినా నడుస్తుంది గానీ ఇది లేకపోతే కష్టమే. జెడ్80 రీసెట్ కాలు 26వది. అక్కడ ఆనిస్తే దీపం సెకనుకి నాలుగు సార్ల చొప్పున మిణుకుమంటోంది.

ఆ లెక్కే అసలు కబురు చెప్పింది. ఈ బోర్డులో వాచ్‌డాగ్ అని ఒక కాపలా ఏర్పాటుంది. ‘నేను బాగానే ఉన్నాను’ అని ప్రోగ్రాం దానికి మాటిమాటికీ చెబుతూ ఉండాలి. 16 ఫ్రేముల పాటు, అంటే తెర మీద బొమ్మని 16 సార్లు గీసే లోపు, ఏ కబురూ రాకపోతే ప్రాసెసర్‌ని రీసెట్ చేసేస్తుంది. సెకనుకి దాదాపు 60 ఫ్రేములు కాబట్టి, ఇంచుమించు పావు సెకనుకోసారి. అంటే ప్రాసెసర్ లేస్తోంది, ప్రోగ్రాం చదవబోయి దారి తప్పుతోంది, మళ్లీ దెబ్బ తింటోంది.

ప్రోగ్రాం ఉండేది నాలుగు రోమ్‌లలో (కరెంటు పోయినా రాసింది చెరగని మెమరీ చిప్‌లు), ఒక్కోటీ 4 కిలోబైట్లు. మొత్తం 16 కిలోబైట్లలో ఆట నడిపే ప్రోగ్రామంతా! నా బోర్డులో ఉన్నవి 2732 ఈప్రామ్‌లు, అంటే చెరిపి మళ్లీ రాసుకోగల రకం రోమ్‌లు. ఒక్కోదాన్నీ సాకెట్‌లోంచి పీకి రీడర్‌లో పెట్టి చదివాను. లోపలున్న బైట్లన్నీ కూడితే వచ్చే మొత్తం (చెక్‌సమ్) మూడింటికి ఉండాల్సినదానితో సరిపోయింది. నాలుగోది మొదటిసారి ఒక మొత్తం, రెండోసారి ఇంకో మొత్తం చూపించింది. లోపల చెడిపోయి ఉంటే ఏదో ఒక తప్పునే పట్టుకుని ఉండొచ్చు, చదివిన ప్రతిసారీ మారుతోందంటే ముందు కాళ్లని అనుమానించాలి. చూస్తే కాళ్లు వెండి పట్టీలు నల్లబడ్డట్టున్నాయి. రబ్బరుతో రుద్దడం మొదలుపెట్టాను. మూడో కాలు దగ్గర ‘టిక్’ అంది. మొదలంటా విరిగింది.

కొత్త చిప్‌లో రాసుకుంటే పోయే అనుకుంటారు. 2732కి రాయాలంటే 25 వోల్టులు కావాలి, నా దగ్గరున్న ప్రోగ్రామర్ అంత ఇవ్వదు. చదవగలదు గానీ రాయలేదు. పాత సాకెట్ నుంచి ఒక కాలు కోసి, విరిగిన మొండికి భూతద్దం కింద అతికించాను. ఊపిరి బిగబట్టి చేసిన పని అది. ఈసారి మూడుసార్లు చదివినా ఒకే మొత్తం, అదీ సరైనదే. అరిగిపోయిన నాలుగు సాకెట్లూ మార్చేశాను. వాచ్‌డాగ్ నోరు మూసింది.

తెర మీద బొమ్మ నిలిచింది. కానీ ఏం బొమ్మ! నల్లగా ఖాళీగా ఉండాల్సిన చోటల్లా ఇంగ్లీషు ‘ఏ’ అక్షరమే, వరసలు వరసలుగా. ‘మెమరీ ఓకే’ అని రావాల్సిన చోట ‘ఆర్’ బదులు ‘ఎస్’ పడి ‘మెమరీ’ కాస్తా ‘మెమోసీ’ అయింది. ఆ తర్వాత వచ్చే ఆట తెరలో అడుగున ‘క్రెడిట్ 0’ ఉండాల్సిన చోట సి, ఎస్, ఈ, ఈ, ఐ, యు, చివర 1.

బొమ్మ పాడైతే ర్యామ్ (ఆట నడుస్తుండగా రాసి చదివే తాత్కాలిక మెమరీ) మార్చమన్నది ఈ పనిలో అందరూ చెప్పే మాట. ఆరు 2114 చిప్‌లు, ఒక్కోదానికి 18 కాళ్లు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించాను కూడా. వేడెక్కే లోపు ఊరికే ఆ తప్పుల్ని కాగితం మీద రాసుకోవడం మంచిదైంది.

ఈ ఆటలో తెర మీది ప్రతి గడికీ, అందులో ఏ బొమ్మ వేయాలో చెప్పే ఒక సంఖ్య ఉంటుంది. ‘ఏ’ అంటే 65, ‘బి’ అంటే 66, అలా. ఖాళీ గడి 64. 64 వెళ్లి 65 అయింది. ‘ఆర్’ 82, అది 83 అయింది. ‘డి’ 68, అది 69. ‘టి’ 84, అది 85. సున్నా 48, అది 49. ‘సి’, ‘ఈ’, ‘ఐ’ మాత్రం చెక్కుచెదరలేదు, అవి ముందే బేసి సంఖ్యలు. సరి సంఖ్యలన్నీ బేసి అవుతున్నాయి, అంతే తేడా. అంటే అన్నిటికన్నా చిన్న బిట్ (సంఖ్యని ఒకట్లూ సున్నాలుగా రాస్తే వచ్చే చివరి అంకె) ఎక్కడో ఒకటి దగ్గర బిగుసుకుపోయింది.

ఇంకో సంగతి. మెమరీ బాగుందని చెబుతున్నది ప్రాసెసర్. అది ర్యామ్‌లో రాసి, తిరిగి చదివి చూసుకున్నాకే ఆ మాట అంటుంది. అబద్ధం చెప్పడం లేదు, తప్పు తెర మీదే. కాబట్టి ర్యామ్ దాటాక, బొమ్మల రోమ్‌కి వెళ్లే దారిలో ఏదో పోయింది. ఐరన్ ఆర్పేశాను.

అక్షరాల బొమ్మలుండే రోమ్ 5ఈ స్థానంలో ఉంటుంది. ఒక్కో బొమ్మకీ 16 బైట్లు, కాబట్టి గడి సంఖ్యలో చిన్న బిట్ వచ్చేది దాని ఏ4 అనే చిరునామా గీతకి, అంటే 4వ కాలికి. ప్రోబ్ ఆనించాను. 3వ కాలు ఆడుతోంది, 5వ కాలు ఆడుతోంది, 4వ దాని దగ్గర ప్రోబ్ దీపం ఎర్రగా వెలిగి కదలడం లేదు, అంటే ఒకటి దగ్గరే ఉంది. ఆటలో తిరిగే దెయ్యాల ఆకారాలు ఎందుకు వంకర పోయాయో కూడా అప్పుడే అర్థమైంది, వాటి రోమ్‌కీ ఆ గీతే వెళుతుంది. ట్రేస్ (బోర్డు మీది రాగి గీత) పట్టుకుని మీటర్‌తో వెనక్కి వెళితే 74 సిరీస్ అనే రకం చిన్న లాజిక్ చిప్ ఒకదాని దగ్గర తేలింది. లోపలికొచ్చే కాళ్లు చక్కగా ఆడుతున్నాయి, బయటికెళ్లే కాలు మాత్రం రాయిలా ఉంది.

పాత చిప్‌ని కాపాడాలన్న ఆశ పెట్టుకోలేదు. కాళ్లు కత్తిరించి, ఒక్కోటీ విడిగా లాగేశాను. బోర్డు ప్యాడ్ల (కాళ్లు అతుక్కునే రాగి బిళ్లలు) ముందు చిప్ ఖరీదెంత! సాకెట్ వేసి కొత్తది గుచ్చి కరెంటిచ్చాను. నల్లటి తెర, మధ్యలో పొందికగా ‘మెమరీ ఓకే’. దాన్నే కాసేపు చూస్తూ కూర్చున్నాను.

తర్వాత పదినిమిషాలు ఆట ఎందుకు మొదలవడం లేదా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. గడియారం కాళ్లు చూశాను, నాణెం స్విచ్ తీగలు చూశాను, కొత్త సాకెట్ మళ్లీ చూశాను. ఆటని ఆపి పరీక్ష తెర మీదే ఉంచే టెస్ట్ స్విచ్, మధ్యలో నేను వేసింది, ఆన్‌లోనే ఉంది.