తేలినీలాపురంలో పన్నెండు రోజులు

నౌపడ స్టేషన్‌లో దిగేసరికి తెల్లవారుజామున ఐదున్నర. పుష్యమాసపు మంచులో ఉప్పుమడులు ఎక్కడున్నాయో కూడా కనిపించలేదు. తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్లు కట్టుకునే పెలికాన్లనూ ఎర్రకాళ్ల కొంగలనూ చూడాలని రెండు రోజుల సెలవు మీద వచ్చాను. ఒక డేగ కోసం పన్నెండు రోజులు ఉండిపోయాను.

మావయ్య ఇంటి వసారాలో గంప బోర్లించి ఉంది. "ఒరే అల్లుడా, ముందిది సూడు," అంటూ గోనెపట్టా తీశాడు. పావురం కంటే చిన్న పక్షి, పసుపుపచ్చ కళ్లు. జాలెడేగ. రొయ్యల చెరువు మీద పక్షులు వాలకుండా కట్టిన నైలాన్ దారంలో చిక్కుకుందట. ఎన్నాళ్లు వేలాడిందో గానీ, రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి గుచ్చుకుంది. రెక్క విరగలేదు, కమిలింది.

డేగను ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అందుకే ఆ ఉదయమే అటవీశాఖకు ఫోన్ చేశాం. పశువుల డాక్టరు చూశాక, పక్షుల కేంద్రం దగ్గరే ఒక చీకటి గదిలో పెట్టారు. చూసుకునే బాధ్యత వాచర్ తాతది. నేను రోజూ మావయ్య బండి మీద వెళ్లి ఆయనకు సాయం చేసేవాణ్ణి.

మొదటిరోజు బరువు 138 గ్రాములు. ఆకలితో ఉందని ఒకేసారి కడుపునిండా పెడితే ప్రాణానికే ముప్పు. నీళ్లలో తడిపిన కౌజుపిట్ట మాంసం చిన్న చిన్న ముక్కలుగా, ఎముక లేకుండా పెట్టాం. మూడోరోజు నుంచి ఈకలతో, ఎముకలతో సహా. ఒట్టి మాంసం మీద ఉంచితే ఎముకలు గుల్లబారిపోతాయి. తిన్న ఈకలు మర్నాడు బూడిదరంగు ఉండలా చుట్టి కక్కేసింది. ఆ ఉండ పడితే కడుపు బాగున్నట్టే. అందుకే తాత పొద్దున్నే నేల వెతికేవాడు.

చలి రాత్రుల్లో ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ఈ పక్షికి తిన్నది చాలామటుకు ఖర్చయిపోతుంది. అయిదోరోజు రాత్రి బాగా మంచు కురిసింది. తెల్లారి తూకంలో 4 గ్రాములు తగ్గింది. నాకు టెన్షన్ పట్టుకుంది. ఆరోజు సాయంత్రం కూడా మేత వేశాం, కిటికీకి గోనెలు కట్టాం.

బతికించడం ఒక ఎత్తు, వేటకు పనికొచ్చేలా చేయడం ఇంకో ఎత్తు. వెనకటి వేటగాళ్లకు ఇది బాగా తెలుసు. సాళువ అంటే వేటడేగే. హంపీ విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరు అదే. బరువు మరీ పెరిగితే డేగ వేటకు కదలదు, తగ్గితే కండ ఉండదు. గదికి రెండు చివర్లా కర్రలు కట్టి, మాంసం ఒకవైపు చూపించి ఎగరేయించాం. మొదట్లో నాలుగుసార్లకే నోరు తెరిచి రొప్పేది. పదోరోజుకి ఇరవైసార్లు ఎగిరింది. బోనులో పడ్డ ఎలుకను తొట్టెలో వదిలితే రెండుసార్లు గురి తప్పింది. మూడోసారి దాని మెడ మీదే దిగింది. తాతా నేనూ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాం.

నేను దాంతో మాట్లాడుతుంటే ఆయనకు నచ్చేది కాదు. "మచ్చిక చెయ్యకు బాబూ. దీన్ని మనం ఒగ్గేయాల." ఆయన మాట నిజం. మనిషంటే భయం పోయిన డేగ ఎక్కువ కాలం బతకదు. ఆ తర్వాత గదిలో నోరు విప్పలేదు.

పన్నెండోరోజు 171 గ్రాములు. ఎండ పొడిచాక, అధికారి వచ్చి గంప తెరిచాడు. డేగ నేలబారున పోయి, చివర్లో ఒక్కసారిగా పైకి లేచి తాటిచెట్టు మీద వాలింది. ఎక్కడినుంచో రెండు ఏట్రింతలు, తోక చీలిన నల్లపిట్టలు, వచ్చి దాని మీదకి దూకుతూ అరిచాయి. అది ఈకలు దులుపుకుని పొలాలవైపు వెళ్లిపోయింది.

నా రైలు మర్నాడు మధ్యాహ్నం. పొద్దున్నే తాత ఫోన్ చేసి రమ్మన్నాడు. తాటిచెట్టు మొదట్లో బూడిదరంగు ఉండ ఒకటి పడి ఉంది. పుల్లతో విప్పితే తొండ పొలుసులు.

"మనదే," అన్నాడు తాత.

ముట్టుకుని చూశాను. ఇంకా తడిగానే ఉంది.