నూట ఇరవై మూడు కోట్ల పైచిలుకు

ఇవాళ కాగితం మీద ఒకే సంఖ్య: 1,23,45,67,890. ఒకటి నుంచి తొమ్మిది దాకా, ఆపైన సున్నా. పిల్లల లెక్కలా కనిపిస్తుంది గానీ, కారణాంకాలు విడదీయబోతే మధ్యలో గట్టిగా అడ్డం తిరుగుతుంది.

పైపై పని చిటికెలో అయిపోతుంది. చివర సున్నా ఉంది కాబట్టి 2, 5 వచ్చేస్తాయి. అంకెల మొత్తం 45 కాబట్టి 9 కూడా. (పది అంకెల్నీ ఎలా మార్చి పేర్చినా ఆ 45 మారదు. అందుకే అలాంటి సంఖ్య ఒక్కటీ ప్రధాన సంఖ్య కాలేదు.) 90తో భాగిస్తే 1,37,17,421. దీని అంకెల మొత్తం 26, ఇక 3తో పని లేదు. 7, 11, 13 మూడింటినీ ఒకేసారి చూడొచ్చు: కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి 421 − 717 + 13 చేస్తే −283. ఆ మూడింటిలో ఏదీ 283ని భాగించదు.

అసలు చిక్కు ఇక్కడ. వర్గమూలం 3,703 దాటుతుంది. 17, 19, 23 అంటూ వరసగా వెళితే మొదటి కారణాంకం 3607 దగ్గర గానీ తగలదు. అది 504వ ప్రధాన సంఖ్య! అక్కడ ఒక్క శేషం తప్పు వేస్తే, దీనికి కారణాంకాలే లేవని తేల్చేస్తాం.

ఫెర్మా పద్ధతి (సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాసి, a² − b² = (a − b)(a + b) అని విడదీయడం) వర్గమూలం దగ్గరే మొదలై పైకి నడుస్తుంది. 3704 వర్గం 1,37,19,616. అందులోంచి మన సంఖ్య తీసేస్తే 2,195. 5తో ముగిసే వర్గం చివర 25 ఉండి తీరాలి, కాబట్టి ఇది చూడగానే పోయింది. 3705 వర్గం 1,37,27,025. తేడా 9,604, అంటే సరిగ్గా 98 వర్గం. 3705 − 98 = 3607, 3705 + 98 = 3803. రెండే అడుగులు! ఎంత చూసినా తనివి తీరని లెక్క ఇది. రెండు కారణాంకాలూ దగ్గర దగ్గరగా ఉండబట్టే ఇంత తేలికైంది. దూరంగా ఉంటే ఇదే పద్ధతి మామూలు భాగాహారం కన్నా ఎక్కువ తిప్పలు పెడుతుంది. ఆర్‌ఎస్‌ఏ (రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధంతో సందేశాలను రహస్యంగా ఉంచే పద్ధతి) తాళాలకు మరీ దగ్గరి ప్రధాన సంఖ్యలు తీసుకోకూడదనేది ఇందుకే.

ఆ రెండూ ప్రధానాలేనా అన్నది విడిగా చూడాలి. 3607కి 59 దాకా భాగించి చూస్తే చాలు. 3803కి 61 కూడా కావాలి, చాలామంది మరిచేది అదే.

ఇక మన సంఖ్య 2 × 3² × 5 × 3607 × 3803 కాబట్టి, దాని భాజకాలన్నిటి మొత్తానికి (1+2)(1+3+9)(1+5)(1+3607)(1+3803). రెండో కుండలీకరణంలో 3 వదిలేసి 1+9 అని రాయడం మామూలుగా జరిగే పొరపాటు. సరిగా వేస్తే 3,21,16,10,688. అసలు సంఖ్యను తీసేసినా 1,97,70,42,798 మిగులుతుంది. తన 47 చిన్న భాజకాలను కలిపితే తనకన్నా డెబ్భై నాలుగు కోట్లు పైనే.