హ్యాండిల్ మీద పాత ఫోన్, జేబులో అసలు ఫోన్

మోటార్‌సైకిల్‌పై దూర ప్రయాణాలకు బయలుదేరేవారిలో చాలామంది దారి చూపడానికి తమ రోజువారీ ఫోన్‌నే హ్యాండిల్‌కు బిగిస్తారు. అలా చేయవద్దని, ఆ పనికి పాత ఫోన్ ఒకటి కేటాయించి అసలు ఫోన్‌ను ఒంటిమీది జేబులోనే ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ప్రమాదం జరిగి బండి ఒకవైపు, నడిపేవారు మరొకవైపు పడితే హ్యాండిల్‌కున్న ఫోన్ బండితోపాటే పోతుంది. సాయం కోసం ఎవరినైనా పిలవవలసిన అవసరం సరిగ్గా అప్పుడే వస్తుంది. ఈ ఒక్క కారణం చాలు, కానీ మిగిలినవి కూడా తక్కువేమీ కావు.

ఇంజన్ అదురు సంగతి తీసుకోండి. నేటి ఫోన్ కెమెరాలలో చాలావాటికి చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది. అందుకోసం లెన్సునో సెన్సరునో గట్టిగా బిగించకుండా, అయస్కాంత శక్తితో అటూ ఇటూ అతి స్వల్పంగా కదిలేలా అమరుస్తారు. గంటల తరబడి హ్యాండిల్ ద్వారా అందే ప్రకంపనలు దెబ్బతీసేది ఈ సున్నితమైన భాగాలనే. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజన్ల అదురు వల్ల ఐఫోన్ కెమెరా పనితీరు తగ్గవచ్చని ఆపిల్ సంస్థ 2021లో స్వయంగా హెచ్చరించింది. మోపెడ్లు, స్కూటర్ల వంటి చిన్న బండ్లకు సైతం అదురును తగ్గించే మౌంట్ (ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించే పరికరం) వాడాలని, అప్పుడు కూడా రోజూ ఎక్కువసేపు బిగించి ఉంచవద్దని సూచించింది. కెమెరా తెరవగానే దృశ్యం నిలకడ లేకుండా వణుకుతున్నా, దగ్గరి వస్తువు మీద ఫోకస్ ఎంతకీ కుదరకపోయినా ఈ దెబ్బ తగిలిందేమోనని అనుమానించవచ్చు. పాత ఫోన్‌కు ఆ బెంగ లేదు, ఎందుకంటే దానితో ఫోటోలు తీసే పని ఎవరికీ లేదు. అయినా రబ్బరు దిమ్మెలున్న మౌంట్ కొనడమే మంచిది, అదురుకు ఛార్జింగ్ సాకెట్ కూడా క్రమంగా వదులవుతుంది.

వేడి అంతకంటే తరచుగా ఎదురయ్యే సమస్య. ఎండలో కనిపించడానికి వెలుతురు పూర్తిగా పెంచిన తెర, నిరంతరం పనిచేస్తున్న జీపీఎస్, ఎక్కుతున్న ఛార్జింగ్, పైనుంచి సూర్యుడు: ఈ నాలుగూ ఒక్కసారి కలిస్తే ఫోన్ విపరీతంగా వేడెక్కుతుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల సెల్సియస్‌కు మించని వాతావరణంలో వాడాలని తయారీదారే చెబుతుండగా, ఎండాకాలపు మధ్యాహ్నం ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. బండి కదులుతున్నంతసేపు గాలి కాస్త చల్లబరుస్తుంది గానీ, సిగ్నల్ దగ్గర ఆగగానే తెర తనంతట తానే మసకబారుతుంది, తరువాత ఛార్జింగ్ ఆగిపోతుంది, చివరికి వేడి తగ్గేవరకు ఫోన్ పనిచేయదన్న హెచ్చరిక వస్తుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ సంచీలో పెట్టినా, తీగ లేకుండా ఛార్జింగ్ చేసే మౌంట్ వాడినా ఈ దశ ఇంకా త్వరగా వస్తుంది. అందుచేత వాన లేనప్పుడు ఫోన్‌ను కవరు తీసేసి బిగించి, తీగతోనే ఛార్జింగ్ పెట్టాలి. ఆ తీగకు విద్యుత్తు అందించే 5 వోల్టుల అడాప్టరును, బండి తాళంచెవి తీయగానే ఆగిపోయేలా ఫ్యూజుతో సహా కలిపించుకుంటే బండి బ్యాటరీ రాత్రంతా ఖర్చు కాకుండా ఉంటుంది.

వానలో మాత్రం కవరు తప్పదు. చినుకులను తెర వేళ్ళుగా భావించి మ్యాపును తనకు తోచినట్లు జరుపుతుంది, పైగా తడిసిన సాకెట్‌లో ఛార్జింగ్ పెట్టడం ఎంత నీటి రక్షణ ఉన్న ఫోన్‌కైనా మంచిది కాదు.

అసలు తెరను చూడవలసిన అవసరమే తగ్గించుకోవాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. రెండు సెకన్లు మ్యాపు మీద చూపు నిలిపితే 33 మీటర్ల రోడ్డును చూడకుండా దాటినట్లే. దారిని చెవికి అప్పగించి, హెల్మెట్‌లో అమర్చే బ్లూటూత్ స్పీకరు ద్వారా సూచనలు వినడం మేలు. చెవులను పూర్తిగా మూసే ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు, వెనుక వచ్చే లారీ హారన్ వినపడాలి. నాలుగైదు దారులు కలిసే కూడలిలో ఏ మలుపో తేల్చుకోవడానికి మాత్రమే తెర ఉపయోగపడాలి, అదీ స్పీడోమీటరుకు దగ్గరగా, తల వంచనవసరం లేనంత ఎత్తులో ఉండాలి. ట్యాబ్లెట్‌పై మ్యాపు పెద్దగా కనిపిస్తుందన్నది నిజమే, కానీ దాని బరువుకు, అది ఆపే గాలికి మామూలు మౌంటు తట్టుకోలేదు. బస చేసిన చోట మరునాటి దారి గీసుకోవడానికే దానిని అట్టిపెట్టాలని నా సలహా.

పాత ఫోన్‌లో సిమ్ లేకపోయినా ఇబ్బంది లేదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి సంకేతాలు పంపుతాయి, ఫోన్ వాటిని అందుకోవడమే తప్ప తిరిగి పంపేదేమీ లేదు, కనుక ఇంటర్నెట్‌తో పని లేకుండానే మనమెక్కడ ఉన్నామో తెలుస్తుంది. నెట్‌వర్క్ సహాయం లేనప్పుడు మొదటిసారి చోటు గుర్తించడానికి కొంత ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, బయలుదేరే ముందు ఆకాశం కనిపించే చోట ఫోన్‌ను రెండు నిమిషాలు ఉంచాలి. మ్యాపులను మాత్రం ముందే దింపుకోవాలి. 2004లో మొదలైన, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ వంటి యాప్‌లు ఇంటర్నెట్ లేకుండా దారి వెతకగలవు, అయితే ముందున్న ట్రాఫిక్ ఎంతో అవి చెప్పలేవు. దింపుకున్నది సరిపోయిందో లేదో చూడడానికి ఇంట్లోనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మొదటి మజిలీ నుంచి చివరి ఊరి వరకు దారి అడగండి. గీత ఎక్కడ తెగిపోయినా, ఆ ప్రాంతపు మ్యాపు ఇంకా దింపవలసి ఉందన్నమాట.