‘యేసుక్రీస్తునందలి విశ్వాసము’: గ్రీకులో లేని ‘నందలి’

రోమా 3:22 మన బైబిల్లో “యేసుక్రీస్తునందలి విశ్వాసమూలమైనదై” అని ఉంటుంది. మూలభాష అయిన గ్రీకులో మాత్రం ‘నందలి’కి సరిపడే మాట లేదు. అక్కడున్నది ‘దియా పిస్తెయోస్ యేసూ క్రిస్తూ’. పేరు షష్ఠీ విభక్తిలో ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు చెబితే “యేసుక్రీస్తు యొక్క పిస్తిస్ ద్వారా” అవుతుంది. పిస్తిస్ అంటే విశ్వాసం, నమ్మకంగా ఉండడం అని రెండు అర్థాలూ ఉన్నాయి.

షష్ఠి రెండు వైపులా పోగలదు. తల్లి ప్రేమ అంటే తల్లి చూపేది; దేశభక్తి అంటే దేశం మీద మనం చూపేది. ఈ పత్రిక రాసిన పౌలు మాటను మొదటి పద్ధతిలో చదివితే, క్రీస్తు సిలువదాకా తండ్రికి నమ్మకంగా నిలిచినందువల్ల మనకు నీతి కలిగింది. రెండో పద్ధతిలో చదివితే, క్రీస్తు మీద మనం ఉంచే విశ్వాసం వల్ల కలిగింది. రోమా 3:26, గలతీ 2:16, 2:20, 3:22, ఫిలిప్పీ 3:9లలోనూ ఇలాంటి ప్రయోగమే ఉంది.

ప్రాచీన లాటిన్ అనువాదం వల్గేట్ షష్ఠిని షష్ఠిగానే ఉంచింది. పదహారో శతాబ్దపు సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మన్‌లో ‘క్రీస్తు మీద’ అని తేల్చేశాడు. ఇంగ్లీషులో 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం ‘యొక్క’ అంటే, 1881 నాటి రివైజ్డ్ వెర్షన్ ‘అందలి’ వైపు వచ్చింది. 1983లో కొత్త నిబంధన పండితుడు రిచర్డ్ హేస్ పుస్తకంతో ఈ చర్చ మళ్లీ ఊపందుకుంది.

నాకు అన్నిటికన్నా బలంగా కనిపించే ఆధారం రోమా పత్రికలోనే ఉంది. 3:26 చివర ‘ఎక్ పిస్తెయోస్ యేసూ’, 4:16లో ‘ఎక్ పిస్తెయోస్ అబ్రాహామ్’. కూర్పు అచ్చంగా ఒకటే. రెండోదాన్ని ‘అబ్రాహామునందలి విశ్వాసం’ అని ఎవరూ అనువదించరు. అది అబ్రాహాముకు ఉన్న విశ్వాసమే. ఇక 3:3లో ‘దేవుని పిస్తిస్’ అన్నచోట మన అనువాదకులే “నమ్మతగినవాడు” అని రాశారు. పైగా 3:22లో ‘నందలి’ పెడితే, వెంటనే వచ్చే “నమ్ము వారందరికి” చెప్పిందే మళ్లీ చెప్పినట్టవుతుంది.

అవతలి వాదన తేలికైనదేమీ కాదు. మార్కు 11:22లో ‘పిస్తిన్ థెయూ’ కూడా షష్ఠే, అయినా అక్కడ ‘దేవునియందు విశ్వాసం’ అన్న అర్థమే చక్కగా అతుకుతుంది. ‘నమ్ము’ అనే క్రియకు క్రీస్తును కర్తగా పౌలు ఎక్కడా వాడలేదు.

దీని వెనక హబక్కూకు 2:4 ఉంది. హెబ్రీలో “నీతిమంతుడు తన విశ్వాస్యతవలన బ్రతుకును”. పాత నిబంధనకు ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింటులో ‘తన’ బదులు ‘నా’, అంటే దేవుని విశ్వాస్యత. హెబ్రీలో ఈ రెంటికీ తేడా చివరి అక్షరం ఒక్కటే, వావ్ లేదా యోద్. చేతిరాతలో ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోవడం సులువు. రోమా 1:17లో ఈ వాక్యాన్ని ఎత్తి రాస్తూ పౌలు ‘తన’, ‘నా’ రెండూ వదిలేశాడు.

ఇదంతా పండితుల గొడవ అని పక్కన పెట్టలేం. ‘నందలి’ ఒక్కటే వింటూ పెరిగినవాళ్లు విశ్వాసాన్ని కొలతపాత్రలా చూడడం మొదలుపెడతారు. జబ్బు తగ్గని మనిషితో “నీకు విశ్వాసం చాలలేదు” అనడం అక్కడినుంచే వస్తుంది. అప్పటికే బాధలో ఉన్నవాళ్ల మీద అంత బరువు పెట్టడం అన్యాయం. ఇంకొకరి నమ్మకత్వం మీద నిలబడ్డామని తెలిస్తే ఆ కొలత అవసరమే ఉండదు.

నిజానికి మన తెలుగు మాటలో రెండు అర్థాలూ ఉన్నాయి. తిన్న ఇంటికి విశ్వాసంగా ఉండడం, విశ్వాసఘాతుకం అన్నవి నిలకడకు సంబంధించిన మాటలే. చర్చి వాడుకలోనే అది ‘నమ్మడం’ వరకు కుంచించుకుపోయింది. గలతీ 5:22లో ఆత్మఫలంగా వచ్చే “విశ్వాసము” కూడా పిస్తిసే. ప్రేమ, దయాళుత్వం, మంచితనం పక్కన అక్కడ ‘నమ్మకంగా ఉండడం’ అన్న అర్థమే సరిగ్గా కూర్చుంటుంది.

ప్రసంగం సిద్ధం చేసుకునేవాళ్లు 3:21 నుంచి 26 వరకు ఒకసారి ‘క్రీస్తునందలి’ అని, ఇంకోసారి ‘క్రీస్తు చూపిన’ అని పెట్టి బయటికి చదవండి. ఆ తర్వాత గలతీ 2:16 తియ్యండి. అందులో షష్ఠి రెండుసార్లు వస్తుంది, ఆ రెంటి మధ్య “మేమూ క్రీస్తుయేసులో నమ్మకముంచాం” అన్న మాట ‘ఎయిస్’ అనే విభక్తి పదంతో స్పష్టంగా ఉంది. షష్ఠిని ఎటు తిప్పినా ఆ మధ్య మాట కదలదు.